పొదుగు లేని ఆవులు

ఆ రోజుల్లో మా ఇంటికి రెండు కొట్టాలు ఉండేవంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. ఒకటి కింద, గౌలిపుర సందులోకి తలుపు తెరుచుకుని, బర్రెలతో, పేడతో, కుడితి తొట్లతో, మా వీధి దోమలన్నిటితో నిండుగా ఉండేది. అది మా బాపుది. రెండోది పైన నా గదిలో, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ లోపల ఉండేది. అందులో పేడ లేదు, దోమ లేదు, వాసన అసలే లేదు. అది నాది. ఇవాళ ఆఫీసులో నన్ను "మేడం" అని పిలిచే పిల్లలున్నారు. లంచ్ టైంలో ఫోన్ తీసి వాళ్ళు రంగురంగుల బుడగలు పేల్చుకుంటుంటే నేను పెద్దమనిషిలా కళ్ళజోడు సర్దుకుని పక్కకు తప్పుకుంటాను. వాళ్ళ మేడం ఒకప్పుడు ఈ మహానగరం మొత్తానికీ పాల ఉత్పత్తిలో నంబర్ వన్ అని ఆ అమాయకులకు తెలియదు.

ముందు ఒక నిజం చెప్పాలి. మాది పాల ఇల్లు. మా తాతలనుంచీ బర్రెలే మా అన్నం. కానీ నాకు బర్రె అంటే పడేది కాదు. కాలేజీకి వేసుకెళ్ళే డ్రెస్సుకు కుడితి వాసన పడుతుందని దాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువా పై అరలో దాచేదాన్ని. స్నేహితురాళ్ళు "మీ డాడీ ఏం చేస్తారు?" అని అడిగితే "డెయిరీ బిజినెస్" అని ఇంగ్లీషులో చెప్పి మాట మార్చేసేదాన్ని. (వాళ్ళు మా బాపును ఏసీ గదిలో కోటు వేసుకుని కూర్చున్నట్టు ఊహించుకునేవారు. ఆ సమయానికి మా బాపు లుంగీ ఎగ్గట్టి, ఒక దున్న మెడ కింద గోకుతూ దానితో కష్టసుఖాలు మాట్లాడుతుండేవాడు.) అలాంటి నేను, ఇంట్లో ఉన్న బర్రె తోక కూడా ముట్టని నేను, కాస్త తీరిక దొరికితే చాలు, లాప్‌టాప్ తెరిచి ఆవుల్ని మేపుకుంటూ కూర్చునేదాన్ని.

ఆ ఆటకు డౌన్‌లోడ్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. బ్రౌజర్లో పేజీ తెరిస్తే ఒక పచ్చటి మైదానం వచ్చేది. అందులో బ్యూటీ పార్లర్ నుంచి అప్పుడే వచ్చినట్టు గులాబీ బుగ్గలు, పొడుగాటి కనురెప్పలు పెట్టుకున్న తెల్లటి ఆవులు. నేల మీద నొక్కితే గడ్డి మొలుస్తుంది. ఆవు తింటుంది. దాని తల మీద ఒక్కొక్కటే పాల సీసా వచ్చి నిలబడుతుంది, నాలుగు దాకా. సీసా మీద నొక్కితే టింగ్ అని మోగి మన లెక్కలోకి వచ్చేస్తుంది. నాలుగూ నిండినా తీయకపోతే ఆవు మొహం ఎర్రగా చేసుకుని అరుస్తుంది, ఇంకా పట్టించుకోకపోతే తలకు కట్టు కట్టుకుని మూలన కూర్చుంటుంది. అంతే ఆట. ఇందులో ఏముందని మీరడగవచ్చు. ఆ టింగ్‌లో ఏముందో నాకూ ఇప్పటికీ తెలియదు. క్లాసు వీడియో తెరుచుకునేలోపు రెండు సీసాలు, కుక్కర్ కూత వేసేలోపు గడ్డి, తల ఆరేలోపు ఒక కొత్త ఆవు. నా ఆవులకు మా లెక్చరర్ల పేర్లు పెట్టుకున్నాను. అకౌంట్స్ మేడం మంచి పాడి. స్టాటిస్టిక్స్ సార్ మాత్రం ఎంత మేపినా మొహం ఎర్రగానే పెట్టుకునేవాడు. దాచుకున్న పాయింట్లతో ఒక్కొక్కరికీ గడ్డి టోపీ కూడా కొన్నాను. మధ్యాహ్నం అన్నం మాడిన వాసన వస్తే "మళ్ళ ఆవులు తప్పించుకున్నయా?" అని అమ్మ కింద నుంచే అరిచేది. అమ్మకు అంతా తెలుసు. బాపుకు ఏమీ తెలియదు.

ఆటలో ఊరికో పోటీ ఉండేది. ప్రతి ఐతారం, అంటే ఆదివారం, సాయంత్రం దాకా ఎవరు ఎక్కువ పాలు తీస్తే వాళ్ళ మందకు బంగారు గంట. హైదరాబాదు పోటీలో నేను ఎంత తన్నుకున్నా రెండో స్థానమే. మొదటి స్థానంలో 'మిల్క్ కింగ్' అని ఎవడో ఉండేవాడు. వాడెవడో, ఎప్పుడు నిద్రపోతాడో, వాడి ఆవులు ఏం తింటాయో అర్థమయ్యేది కాదు. నా కన్నా తక్కువ ఆవులతో నా కన్నా ఎక్కువ పాలు ఎలా తీస్తున్నాడో అసలే అర్థమయ్యేది కాదు. పరీక్షలో ఫస్టు రాలేదని ఎప్పుడూ ఏడవని నేను, ఆ గంట రాలేదని ఐతారం సాయంత్రాలు అన్నం మానేసేదాన్ని.

మా చిన్నబాపు కొడుకు ఫలక్‌నుమాలో ఉండేవాడు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్నాడు కాబట్టి మా ఇంటివాళ్ళంతా అతన్ని కలెక్టర్ అనేవాళ్ళు, అతనూ వద్దనేవాడు కాదు. ఐతారం ఐతారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా ఇంటికి తనిఖీకి వచ్చేవాడు. అలా ఒక ఐతారం వచ్చి, పైకెక్కి, నా వెనకాల నిలబడ్డాడు. నేను స్టాటిస్టిక్స్ సార్‌కు గడ్డి వేస్తున్నాను. ఒక నిమిషం చూశాడు. నేరుగా కిందికి దిగి "పెద్దబాపూ, చెల్లె సదువుతలేదు. ఆవుల గేమ్ ఆడుతుంది" అని చెప్పేశాడు. బాపుకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కడం ఇష్టముండదు. అయినా ఆవుల మాట వినేసరికి పైకి వచ్చాడు.

"గిదేందే?" అన్నాడు వంగి చూస్తూ.

"ఆవు బాపు."

"ఆవా? పొదుగేది?"

నేనూ చూశాను. అన్నాళ్ళుగా పాలు తీస్తున్నాను గానీ ఆ సంగతి గమనించనేలేదు. ఆవుల కడుపు కింద నున్నగా, గచ్చు చేసినట్టుంది.

"పొదుగు లేకుంట పాలెట్ల ఇస్తయే? మరి బర్రెలేవి?"

"బర్రెలు లేవు బాపు, ఆవులే ఉంటయ్."

"బర్రె లేని పాల యాపారమా!" అని బాపు నిజంగానే బాధపడ్డాడు. తర్వాత కోపం గుర్తొచ్చింది. "కింద గిన్ని బర్రెలుంటె ఒక్కనాడు గడ్డెయ్యనిదానివి, ఈడ కూసొని పొదుగు లేని ఆవుల్ని మేపుతున్నవా? గిందుకేనా నీకు గీ డబ్బ కొనిచ్చింది? ఇగో, వచ్చే ఐతారం దాక చూస్త. మళ్ళ గీ ఆట నా కంట్ల వడ్డదంటె, డబ్బ తీస్కపోయి మీ అన్నకిస్త. ఆయనన్న సదువుకుంటడు. మాటంటె మాటే."

కలెక్టర్ అన్న వినయంగా తల వంచుకున్నాడు. ఆ వంచుకున్న తల కింద నవ్వుతున్నాడని నాకు ఖాయంగా తెలుసు. మా బాపు మాట ఇచ్చాడంటే అంతే. ఒకసారి ఎవరికో ఎండాకాలంలో కూడా పాలు తగ్గించనని మాటిచ్చి, ఇంట్లో మా అందరికీ నల్ల చాయ్ తాగించిన మనిషి. ఆ లాప్‌టాప్ పోతే నా కంప్యూటర్ కోర్సు పోతుంది, దాని మీద పెట్టుకున్న ఉద్యోగం ఆశ పోతుంది. (ఆవులు పోతాయన్నదే నాకు ముందు తోచింది. కోర్సు సంగతి కాస్త ఆలోచించాక తోచింది.)

ఆడనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు మర్నాడు పొద్దున పళ్ళు తోముకునేదాకా నిలిచింది. తర్వాత చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పక్కనే అకౌంట్స్ నోట్సు ఒకటి తెరిచి పెట్టుకుని, దొంగతనంగా పిండుకోవడం మొదలుపెట్టాను. బాపు మెట్లెక్కితే అడుగుల కన్నా ముందు కొట్టం వాసన వచ్చేది కాబట్టి జాగ్రత్తపడటం తేలికే. కానీ ఒక మధ్యాహ్నం ఇయర్‌ఫోన్ పిన్ను ఊడిపోయిన సంగతి నాకు తెలియలేదు. అకౌంట్స్ మేడం సీసాలు నిండి, లాప్‌టాప్ గొంతు చించుకుని "అంబా" అని అరిచింది.

కింద బాపు చేతిలోని గంప పడేసిన చప్పుడు. "ఎవలి ఆవే అది? మన కొట్టంల ఆవెట్లొచ్చింది?" అంటూ బర్రెల మధ్యలో వెతికి, సందులోకి పరుగెత్తాడు. బర్రె గొంతుకూ ఆవు గొంతుకూ తేడా తెలియని మనిషైతే బతికిపోయేదాన్ని. ఎదురుగా చాయ్ హోటల్ చాచా, మా పాలు పోయించుకునే ఆయన, గల్లా మీంచి లేచి బయటికి వచ్చాడు.

"క్యా పైల్వాన్, గాయ్ కబ్ లాయే? బర్రెలు బస్ నై క్యా?"

"నేను తేలే చాచా. ఎవలిదో తప్పిపోయొచ్చింది. పాలు నిండి మొత్తుకుంటుంది పాపం. గొంతు ఇంటె ఎరుకైతలేదా?"

"అరె హౌ, మైనే బీ సునా. ఫికర్ నక్కో, ఢూండేంగే" అని చాచా కూడా బాపు వెంట సందులో వెతకసాగాడు. చాయ్ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా లేచారు. నేను కిటికీ సందులోంచి చూస్తుండగా గౌలిపుర సందు మొత్తం లేని ఆవును వెతకడానికి బయల్దేరింది. గబగబా సీసాలన్నీ తీసేశాను (అంత భయంలోనూ టింగ్ టింగ్‌మన్నప్పుడు సంతోషంగానే అనిపించింది, ఏం చేయను). అమ్మ వాకిట్లో నిలబడి తలెత్తి నా కిటికీ వైపు ఒక్క చూపు చూసి, "పక్క గల్లీల కెల్లి అరిసినట్టుందయ్యా, ఎవలో తోల్కపోయినట్టున్నరు" అంది. ఆ రుణం నేను ఈ జన్మలో తీర్చలేను.

ఆ వారం చివరన భువనగిరిలో మా మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది. పాల ఇళ్ళలో ఒక పద్ధతి ఉంటుంది. ఎంత దగ్గరి పెళ్ళయినా ఇంటిల్లిపాదీ వెళ్ళరు. పొద్దునా సాయంత్రం పిండటానికి ఒకరు ఉండాల్సిందే. అందుకే మా బంధువుల పెళ్ళి ఫొటోలు ఏవి తీసినా ప్రతి కుటుంబంలో ఒకరు తక్కువుంటారు. మా ఇంట్లో ఆ ఒక్కరు ఎప్పుడూ బాపే. అమ్మా నేనూ శుక్రవారం బయల్దేరి ఐతారం మధ్యాహ్నానికి రావాలి. మరి నా ఆవులో? పేజీ మూసేస్తే గడ్డి పెరగడం ఆగిపోయి ఆవులన్నీ కట్లు కట్టుకుంటాయి. తెరిచి ఉంచితే కనీసం గడ్డి తిని బతుకుతాయి. కింద ఆటో వాడు హారన్ కొడుతున్నాడు, అమ్మ అరుస్తోంది. లాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టి, ఆట తెరిచే ఉంచి, పైన ఒక మందపాటి తువ్వాలు కప్పేశాను. బాపు ఎలాగూ పైకి రాడు. బస్సులో పాటలు వినొచ్చని ఇయర్‌ఫోన్ పీకి బ్యాగులో వేసుకున్నాను. అలా పీకితే ఏమవుతుందో ఆ వారమే ఒకసారి చూసి కూడా పీకాను. నా తెలివి అలాంటిది.

మర్నాడు పెళ్ళి పందిట్లో తలంబ్రాలు పోస్తుండగా ఫోన్ మోగింది. బాపు.

"బిడ్డా, ఏడున్నవ్?"

"పెండ్లిల ఉన్న బాపు, తలంబాలు పోస్తున్రు."

"నీ ఆవులు మొత్తుకుంటున్నయ్."

బ్యాండు మేళం ఒక్కసారిగా ఎక్కడో దూరంగా వినపడింది. లాప్‌టాప్ పోయింది, కోర్సు పోయింది, కలెక్టర్ అన్న దాన్ని చంకలో పెట్టుకుని ఫలక్‌నుమా బస్సెక్కుతున్నట్టు కళ్ళకు కట్టింది. "బాపూ, ఆ డబ్బ మూత పెట్టెయ్, ఆగిపోతది" అన్నాను ఏడుపు గొంతుతో.

"మూత పెట్టుడేంది? పాలు నిండినయ్ గద. పిండకుంట మూత పెడ్తె పొదుగు వాస్తది."

"వాటికి పొదుగు లేదు బాపూ, నువ్వే అన్నవ్!"

"లేదని నాకు గూడ ఎరుకే. బొమ్మలని గూడ ఎరుకే. కని మొత్తుకుంటున్నయ్ గదనే. పొద్దటి సంది ఇంటున్న, అన్నం తినబుద్ధైతలేదు. యాడ నొక్కాల్నో చెప్పు."

చెప్పాను. ఏం చేయను? పందిరి పక్కన వంట గుండిగల చాటుకు పోయి, టచ్‌ప్యాడ్ మీద వేలితో బాణం గుర్తు ఎలా కదపాలో, సీసా మీద ఎలా నొక్కాలో మా బాపుకు పాఠం చెప్పాను. బాణం ఒకచోట నిలబడటం లేదన్నాడు. గంతులేస్తోందన్నాడు. తన్నే బర్రె నయమన్నాడు. కాసేపటికి నాకు అనుమానం వచ్చింది.

"బాపూ, చేతులు తడిగున్నయా?"

"మరి పిండే ముంగట చేతులు కడుగరానే?"

తువ్వాలుతో తుడుచుకున్నాక మొదటి టింగ్ వినిపించింది. ఫోన్ ఇవతల నాకు కూడా వినిపించింది. రెండో టింగ్. మూడో టింగ్. "ఆఁ, ఇడ్సింది" అన్నాడు మెల్లగా, మొండి బర్రె చేపుకు వచ్చి పాలు వదిలినప్పుడు అనే మాటే, అదే గొంతుతో. ఫోన్ పెట్టేశాడు.

మేము భోజనాలకు కూర్చునేసరికి మళ్ళీ ఫోన్. "టోపీలు తీసేసిన. కొమ్ములకు ఒత్తుకుంటయ్." పప్పు వడ్డిస్తుండగా ఇంకోసారి. "గా ఎర్ర మొకందానికి గడ్డి ఎక్కువేస్తున్నవ్, అరుగుత లేదు దానికి." (స్టాటిస్టిక్స్ సార్ జబ్బు ఏమిటో మొత్తానికి తెలిసింది.) పెరుగు వచ్చేసరికి అసలు పిడుగు పడింది.

"అన్నిట్లకు మూడు మూడు తీసిన."

"మూడేంది బాపు? నాలుగుంటయ్ కద!"

"నాలుగోది దూడకు."

నేను విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాను. "దూడలు లేవు బాపూ! ఆ ఆటల దూడలే లేవు!"

"దూడ లేకుంట పాలెట్లొచ్చినయే?"

డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నదాన్ని, మళ్ళీ విస్తరి ముందు కూర్చున్నాను. పక్కన కూర్చున్న మేనత్త నా మొహం చూసి "ఏమైందే?" అంది. తొందరలో "ఆవుకు దూడ లేదు అత్తా" అన్నాను. "అయ్యో, సచ్చిపాయెనా?" అని ఆమె ముద్ద పక్కన పెట్టేసింది. పంక్తి చివరిదాకా ఆ వార్త పాకిపోయింది. పెళ్ళివారంతా పాలోళ్ళే కదా, ఒక్కొక్కరే వచ్చి అమ్మను ఓదార్చడం మొదలుపెట్టారు. ఒక పెద్దాయన చనిపోయిన దూడ చర్మంలో గడ్డి కూరి ఆవు ముందు పెడితే పాలు చేపుతుందని ఉపాయం కూడా చెప్పి వెళ్ళాడు. అమ్మ నన్ను చూసిన చూపుకు నేను ఆ సాయంత్రం దాకా పెళ్ళికూతురి గదిలోంచి బయటికి రాలేదు.

ఐతారం మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి వాకిట్లో కలెక్టర్ అన్న చెప్పులున్నాయి. పైకి పరుగెత్తాను. బాపు నా కుర్చీలో, వీపు నిటారుగా పెట్టి, పాలు పిండుతున్నప్పటి మొహంతో కూర్చుని ఉన్నాడు. వెనకాల కలెక్టర్ అన్న, భుజానికి ఖాళీ బ్యాగు తగిలించుకుని నిలబడ్డాడు. బ్యాగు కొత్తది.

"పెద్దబాపు, నువ్వే అన్నవ్ గద, మళ్ళ ఆట కంట్ల వడితె ఇస్తనని" అంటున్నాడు. "నీ కంట్ల వడుడేంది, నువ్వే ఆడవడ్తివి."

బాపు లేచి నా వైపు తిరిగాడు. "మాటిచ్చిన బిడ్డా. మాట తప్పలేను. డబ్బ మీ అన్నది." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. "కని ఒక్కటి. కొత్త తావుకు పోయే పసురాన్ని నిండు పాలతోని తోలరు. ఒక్కసారి అన్ని పిండి ఇచ్చెయ్."

కుర్చీలో కూర్చున్నాను. కళ్ళ నిండా నీళ్ళు. తెర మీద చూస్తే ప్రతి ఆవు పక్కనా తెల్లటి కుండలాంటిది ఏదో ఉంది. ఎన్నడూ చూడలేదు. దూడల కోసమని బాపు నిన్న వదిలిన నాలుగో సీసాలు అలా అయిపోయాయి. ఇక పట్టలేకపోయాను. "బాపూ, నువ్వు వదిలిన పాలన్ని ఇరిగిపోయినయ్" అని గట్టిగా ఏడ్చేశాను. అవి పారబోసేద్దామని మూలనున్న చెత్తడబ్బా బొమ్మ వైపు బాణం కదిపాను.

"అరె, పారబొయ్యకు, పారబొయ్యకు!" కలెక్టర్ అన్న బ్యాగు కింద పడేసి ముందుకు దూకాడు. "ఇరగలేదే, అది పెరుగు! ఒక రాత్రి ఇడిసిపెడ్తె పెరుగైతది, డబల్ పాయింట్లు! సాయంత్రం లోపట కుండ మీద నొక్కాలె, గట్ల చేస్తెనే నేను..."

అక్కడ ఆగిపోయాడు.

మెట్ల మీద అమ్మ కూడా నిలబడిపోయింది. బాపు మెల్లగా అతని వైపు తిరిగాడు.

"నీకెట్ల ఎరుక బిడ్డా?"

కలెక్టర్ అన్న ఇస్త్రీ చొక్కా గుండీ సర్దుకున్నాడు. గోడ చూశాడు. ఫ్యాను చూశాడు. "దోస్తుగాళ్ళు చెప్పిన్రు" అన్నాడు.

"మిల్క్ కింగ్!" అని నేను కుర్చీలోంచి ఎగిరాను. "బాపూ, మిల్క్ కింగ్ ఈయనే! నాకంటె పైన ఎప్పుడూ ఉండేది ఈయనే!"

చెవుల దాకా ఎర్రబడి అన్న ఒప్పేసుకున్నాడు. లైబ్రరీకని బయల్దేరి స్టేషన్ పక్క నెట్ సెంటర్లో కూర్చుంటాడట. అక్కడ జనం ఎక్కువై కుర్చీ దొరకడం లేదట. ఇంట్లోనే ఒక లాప్‌టాప్ ఉంటే ఆవులకు ఇబ్బంది ఉండదని అనుకున్నాడట. చెబుతూ చెబుతూ "ఆవులకు" అన్న మాట దగ్గర అతని చూపు కూడా తెర మీదికే పోయింది. నాకు జాలి వేసిందా అంటే, అప్పుడు వేయలేదు. నిజం చెప్పాలంటే అంత ఆనందం నాకు తర్వాత ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

బాపు మంచం మీద కూర్చుని మోకాలు రాసుకున్నాడు. "నేనేమన్న? సదువుకునే పిల్లగానికి ఇస్తనన్న. ఆడెటోనికి ఇస్తనన్ననా? ఇద్దరు ఆడెటోళ్ళే అయితిరి. అసొంటప్పుడు పసురాలు వాటి కొట్టంల అవి ఉండనీ." తర్వాత నా వైపు తిరిగి "ఇంక చూస్తున్నవేందే? సాయంత్రమైతుంది. పెరుగు తియ్యి" అన్నాడు.

తీశాను. ఒక్కొక్క కుండా టింగ్ కాదు, ధన్ ధన్‌మని గుడిగంటలా మోగింది. దూడలకని బాపు వదిలిన ప్రతి కుండకూ మా లెక్క రెండింతలై ఎగబాకింది. కలెక్టర్ అన్న వద్దనుకుంటూనే నా భుజం మీంచి వంగి "మూలకున్నది మరిచినవ్, గదిగో" అని చూపించాడు. తన రాజ్యం తన కళ్ళ ముందే పోతున్నా ఒక కుండ వృథా కావడం మాత్రం చూడలేకపోయాడు, పాల ఇంటి రక్తం కదా. ఆఖరి కుండ నొక్కగానే మిల్క్ కింగ్ రెండో స్థానానికి జారిపోయాడు. నా మంద మీద బంగారు గంట దిగింది. నేను మంచమెక్కి గంతులేశాను. అమ్మ తలుపుకు ఆనుకుని పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. చప్పుడుకు ఎదురు హోటల్లోంచి చాచా "క్యా హువా పైల్వాన్?" అని కేకేస్తే, బాపు కిటికీలోంచి తల బయటపెట్టి, సందు సందంతా వినపడేలా "మా బిడ్డ పట్నం మొత్తంల పాలల్ల ఫస్టొచ్చింది!" అని అరిచాడు. చాచాకు ఏం అర్థమైందో ఏమో, "మాషా అల్లా!" అని అందరికీ చాయ్ పోయించాడు. ఆ చాయ్‌లో పాలు మావే. మర్నాడు కాలేజీలో ఎవరో "మీ డాడీ ఏం చేస్తారు?" అంటే, "బర్రెల్ని సాకుతడు, పాలమ్ముతడు, ఆటలో కూడా ఆయన్ని ఎవరూ గెలవలేరు" అని తెలుగులో చెప్పేశాను.

డిగ్రీ పాసయ్యాను. ఉద్యోగం వచ్చింది. (మా చుట్టాల్లో గంట సంగతి అడిగినంత మంది ఉద్యోగం సంగతి అడగరు.) కలెక్టర్ అన్న కలెక్టర్ కాలేదు గానీ సర్కారు ఉద్యోగమే చేస్తున్నాడు, ఆఫీసులో తీరిక సమయాల్లో ఏం చేస్తాడో నేను అడగను. కొన్నేళ్ళకు ఒకనాడు సరదాగా ఆ పేజీ తెరవబోతే తెరుచుకోలేదు. అలాంటి ఆటలన్నీ ఇక నడవవని రెండు ముక్కల్లో రాసి ఉంది, కింద ఒక తెల్లటి ఖాళీ. ఆ ఖాళీని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. బాపుకు ఇప్పుడు వయసు పైబడింది, అయినా కొట్టంలో పని ఇడవడు. ఫోన్ చేస్తే నా ఆరోగ్యం, అల్లుడి ఆరోగ్యం అడిగాక, చివర్న "నీ ఆవులెట్లున్నయే?" అంటాడు. "మంచిగున్నయ్ బాపు, ఇప్పుడే పిండిన" అంటాను. ఇంత వయసొచ్చి, ఆఫీసులో నలుగురి లెక్కలు చూసే ఉద్యోగం చేస్తూ, లేని ఆవుల క్షేమం రోజూ చెప్పే నన్ను చూస్తే నాకే నవ్వొస్తుంది. ఆట ఆగిపోయిందని చెబితే ఆయనకేమీ కాదు, అవి బొమ్మలని ఆయనకు మొదటినుంచీ ఎరుకే. నాకే నోరు రావడం లేదు.